మౌస్ బాణానికి బొట్టు

మా మేనల్లుడి తువ్వాలల దుకాణంలో కంప్యూటర్ పెట్టింది శ్రావణమాసం రెండో మంగళవారం. సోమవారం అని వాడు ఇప్పటికీ వాదిస్తాడు. సోమవారం వచ్చినవి డబ్బాలు మాత్రమే. వాటిని విప్పి, బల్ల మీద పెట్టి, పసుపూ కుంకుమా పెట్టి, తీగలు తగిలించింది మంగళవారం. కొబ్బరికాయ కొట్టింది నేను కాబట్టి నాకు తెలుసు.

దుకాణం మరీ చిన్నదేమీ కాదు. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన తువ్వాలలు, లుంగీలు, దుప్పట్లు మూటలుగా కరీంనగర్ వచ్చి మా గోదాంలో దిగుతాయి. అక్కడి నుంచి మంచిర్యాల, నస్పూర్, ఆదిలాబాద్ దాకా పోతాయి. కింద గోదాం, పైన ఆఫీసు గది. ఆ గదిలో కిటికీ పక్కనున్న కుర్చీ నాది. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసి రిటైరయ్యాక, మా తమ్ముడు రమ్మంటే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాను. తమ్ముడు పోయాక వాడి కొడుకు దుకాణం నడుపుతున్నాడు. ఏ సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది, ఇదీ నా పని. గోదాంలోకి వెళ్లి ఎవరు ఎప్పుడు లెక్కపెట్టుకున్నా నేను రాసిందానికి సరిపోయేది. ఇందులో గొప్పేమీ లేదు. సరిపోకపోతే దాన్ని లెక్క అనరు.

కంప్యూటర్ వచ్చిన వారానికి మా మేనల్లుడు చాయ్ తెప్పించి నా ఎదురుగా కూర్చున్నాడు. వాడు చాయ్ తెప్పించాడంటే ఏదో చెప్పలేక చెప్పబోతున్నాడని అర్థం.

"దసరా దాక సూద్దాం అత్తమ్మా. నీకు అలవాటయితే మంచిదే. కాకపోతే కంప్యూటర్ నేర్చిన ఒక పోరిని పెట్టుకుంట. నువ్వు ఉత్తగ వచ్చి కూసో. పెద్దదానివి, నీ దీవెన ఉంటె సాలు."

నేను తల ఎత్తి గోడ వైపు చూశాను. అక్కడ మా తమ్ముడు ఫోటోలో ఉన్నాడు. నొసటి మీద బొట్టు, మెడలో దండ, ముందు ఊదుబత్తి.

"దీవించే పని మీ బాపు చేస్తుండు. ఇద్దరెందుకు?" అన్నాను.

వాడు నవ్వాడు కానీ దసరా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ కుర్చీ పోతే నాకు తిండికి లోటు రాదు. కానీ పొద్దంతా ఇంట్లో ఉండాలి. ఇంట్లో మా ఆయన ఉంటాడు. ఆయనతో పాటు టీవీ ఉంటుంది. వార్తలు చదివే ప్రతి మనిషికీ ఆయన వేలు చూపించి జవాబు చెబుతాడు. వాళ్లు వినరు, ఆయన ఆపడు. దుకాణంలో నేను గంటలు గంటలు ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంటాను, నా ముందున్న అంకెలు కూడా నోరు మెదపవు. ఆ సుఖం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అంతకు మించి, నేను చేయలేక మానేశాననిపించుకోవడం అసలే ఇష్టం లేదు.

కంప్యూటర్‌లో మిగతావన్నీ నాకు త్వరగానే వచ్చాయి. రానిదల్లా ఆ బాణం ఒక్కటే. మౌస్ కదిపితే తెర మీద కదిలే బాణం. రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకున్నాను, పత్రికలో చిన్నక్షరాలు కూడా చదువుతాను, కానీ ఆ తెల్ల కాగితం లాంటి తెర మీద తెల్ల బాణం ఎక్కడుందో కనపడేది కాదు. మా మేనల్లుడు దాన్ని నల్లగా చేశాడు. అక్షరాలూ నల్లవే కాబట్టి వాటిలో కలిసిపోయింది. పెద్దగా చేశాడు. అయినా నా పరిస్థితి ఇదీ: ఆగి ఉన్నప్పుడు కనపడదు. కదిలిస్తే కనపడుతుంది. కనపడింది కదా అని ఆపుతాను. ఆపగానే మళ్లీ కనపడదు. జర గట్టిగా ఊపు అత్తమ్మా అన్నాడు. ఊపాను. మౌస్ తీగ తగిలి చాయ్ గ్లాసు దుప్పట్ల నమూనాల మీద పడింది.

ఈ గోస ఫోనులో మా మనవరాలికి చెప్పాను. మా కూతురి బిడ్డ, ఆదిలాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. బాణమే ఉండాలని ఏమీ లేదని, ఏ ఫోటోనైనా చిన్నగా చేసి బాణానికి బదులు పెట్టుకోవచ్చని ఆ పిల్ల చెప్పింది. కంటికి బాగా అలవాటైన బొమ్మ అయితే వెంటనే దొరుకుతుందట. చేయి చాచిన బొమ్మ అయితే ఇంకా మంచిదట.

చేయి చాచిన బొమ్మ అనగానే నాకు కొండగట్టు ఆంజనేయస్వామి గుర్తొచ్చాడు. గల్లా పక్కన క్యాలెండర్ మీద సంజీవి కొండ ఎత్తుకొని, ఒక చేయి ముందుకు చాచి ఎగురుతున్నాడు. అంతకంటే ఏం కావాలి? మా ఆయనతో అంటే మాత్రం భగ్గుమన్నాడు. దేవుణ్ణి పట్టుకొని లుంగీల మీదా లంగాల గుడ్డ మీదా తిప్పుతవా అన్నాడు. పనికిరానివి పారేసే చెత్తబుట్ట బొమ్మ కూడా తెర మీద ఉంటుంది, దాని మీదికి కూడా స్వామినే తోలుతావా అన్నాడు. ఆ చెత్తబుట్ట సంగతి ఆయనకు ఎట్లా తెలుసో నాకు తెలియదు. కానీ మాట నిజమే. స్వామిని వదిలేశాను.

అప్పుడు మనవరాలే అడిగింది. "అమ్మమ్మా, మస్తు మంది గుంపుల నువ్వు ఎవలను దబ్బున గుర్తువడతవు?"

దానికి ఆలోచించే పని లేదు. చిన్న హనుమాన్ జయంతికి కొండగట్టులో లక్షణంగా తప్పిపోయిన మా ఆయనను, అంత జనంలో, కాషాయం తప్ప ఇంకో రంగు కనపడని చోట, నేను మెట్ల మీద నిలబడి ఒక్క చూపులో పట్టుకున్నాను. కొబ్బరికాయలమ్మే ఆమె ముందు నిలబడి, కుళ్లిన కాయ వైపు వేలు చూపిస్తున్నాడు. నాకు మొదట కనపడింది ఆయన కాదు, వేలు.

ఆ వేలు సంగతి చెప్పాలి. నేను లెక్కలు రాసిన మిల్లులోనే ఆయన గేటు దగ్గర పని చేశాడు. పత్తి బండ్లు వరసగా వస్తుంటే ఏది తూకం కాంటాకు, ఏది పక్కకు, ఏది వెనక్కు అని వేలితో చూపించడం ఆయన ఉద్యోగం. నోటితో చెబితే మిషన్ల మోతలో వినపడదు. రిటైరయ్యాక గేటు పోయింది, బండ్లు పోయాయి, వేలు మాత్రం మిగిలింది. ఇంట్లో ఉప్పు డబ్బా కావాలన్నా దాని వైపు వేలే లేస్తుంది.

"అయితే తాతనే పెట్టుకో," అంది మనవరాలు.

ఫోటో వెతకడానికి కష్టపడలేదు. ఆదిలాబాద్‌లో మా చెల్లెలి బిడ్డ పెండ్లి దావత్‌లో తీసినది ఉంది. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. మా ఆయన ఒక్కడు, మటన్ బకెట్‌తో తనను దాటి పోతున్న వడ్డించే మనిషిని, మూలుగున్న నల్లి బొక్క వేయకుండా ఎక్కడికి పోతున్నావన్నట్టు, కుడిచేయి పూర్తిగా చాచి చూపిస్తున్నాడు. తెల్ల అంగీ, నల్ల మీసం, సూటిగా వేలు. దానికి మించిన బాణం గుర్తు కంప్యూటర్ చేసినవాళ్ల దగ్గర కూడా ఉండదు.

ఆదివారం దుకాణం బంద్. షట్టర్ ఎత్తడానికి మా ఆయనను తోలుకొని వెళ్లాను. ఎందుకో ముందు చెప్పలేదు. మనవరాలు ఫోనులో చెబుతూ ఉంటే, ఫోను ఆయన పట్టుకుంటే, నేను చేస్తూ పోయాను. ఫోటోలోంచి ఆయనను మాత్రం కత్తిరించుకోవాలి. చుట్టూ ఉన్నదంతా రబ్బరు లాంటి దానితో తుడిచేయాలి. ఫోటోను పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా కనపడింది. ఒక్కొక్క గడి తుడుచుకుంటూ పోవాలి. విస్తరాకు తుడిచాను. నీళ్ల గ్లాసు తుడిచాను. పక్కన కూర్చున్న మా మరిది సగం చెవి తుడిచాను. బకెట్ దగ్గరికి వచ్చేసరికి కష్టమైంది, ఎందుకంటే బకెట్ అంచూ మా ఆయన మీసమూ ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి, రెండూ నల్లవే.

అంతవరకు ఊరుకున్న మా ఆయన తెర దగ్గరికి వంగాడు.

"మీసమేదే?"

"ఎడమ దిక్కుది ఉన్నది సూడుండ్రి."

"కుడి దిక్కుది?"

"బకెట్‌తోని పోయింది."

ఫోనులోంచి మనవరాలి నవ్వు వినిపించింది. ఇంత చిన్నగా చేస్తే మీసం ఎవలకు కనపడతది తాతా అంది. నువ్వు జర ఊకో, నా మీసం నీకేమెరుక అని ఆయన ఫోను మీద కోప్పడ్డాడు. ఇంతలో ఆదిలాబాద్‌లో ఆ పిల్ల ఎక్కాల్సిన బస్సు వచ్చింది. హారన్ మోతలో గబగబా ఆఖరి మాట చెప్పింది.

"అమ్మమ్మా, అంతా అయినంక బొమ్మ మీద ఒక ఎర్ర చుక్క పెట్టమని అడుగుతది. బొట్టు అనుకో. తాతకు బొట్టు పెట్టి సేవ్ కొట్టు. అయిపాయె."

ఫోను కట్టయింది. తెర మీద నిజంగానే ఎర్ర చుక్క ఒకటి వచ్చి, దాన్ని ఎక్కడ పెడతావని అడుగుతున్నట్టు ఒక మూలన నిలబడింది. బొట్టు ఎక్కడ పెట్టాలో నాకు ఒకరు చెప్పాలా? పెండ్లయిన నాటి నుంచి పొద్దున్నే అద్దం ముందు పెట్టుకుంటున్నాను. కొత్త తక్కెడకు పెట్టాను, కొత్త బండికి పెట్టాను, ఈ కంప్యూటర్‌కే పెట్టాను. చుక్కను తీసుకెళ్లి మా ఆయన రెండు కనుబొమ్మల మధ్య, అటు ఒక గడి ఇటు ఒక గడి కూడా తేడా రాకుండా లెక్కపెట్టి, నడిమధ్యన పెట్టాను.

మా ఆయన తెర వంక చూశాడు. గోడ మీద మా తమ్ముడి వంక చూశాడు. మళ్లీ తెర వంక చూశాడు. ఒకటే తీరు.

"నేనింకా బతికే ఉన్న," అన్నాడు.

"లేరని ఎవలన్నరు?"

"ఫోటోకు బొట్టు ఎవలకు పెడతరే? ఇంగ దండ ఒక్కటే తక్కువ. తియ్యి."

ఈ బొట్టు పైకి కనపడదని, సేవ్ కొట్టగానే లోపలికి పోతుందని, లేకపోతే బొమ్మ పని చేయదని చెప్పాను. లోపల ఉన్నా బయట ఉన్నా బతికిన మనిషి ఫోటోకు బొట్టు అరిష్టమే అన్నాడు. ఆయన షట్టర్ దించనని మొండికేశాడు. చివరకు కొంచెం దిగివచ్చి ఒక బేరం పెట్టాడు.

"పెట్టుడే తప్పదంటే వేలికి పెట్టు. ఓటేసినప్పుడు పెట్టరా, గట్ల. గది బతికినోళ్లకే పెడతరు."

బొట్టు వేలికి పెట్టడమేమిటని నేను ఆయన మాట కొట్టేశాను. ఈ ముక్క పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మా ఇంట్లో దీన్ని నన్ను మరిచిపోనివ్వరు.

సోమవారం పొద్దున పనిలో కూర్చుంటే నాకు పండగలా ఉంది. తెరలో ఏ మూలన ఉన్నా మా ఆయన కనపడుతున్నాడు. వెతికే పని లేదు, ఊపే పని లేదు. మా మేనల్లుడు పైకి వచ్చి, మామ గిండ్లకు ఎట్ల దూరిండని ఆశ్చర్యపోయాడు. ఎటు తోలితే అటు పోతున్నాడని, బయట ఉన్నప్పుడు కూడా ఇంత మాట వినడని చెప్పాను.

మా దగ్గర ఆర్డరు ఎట్లా పోతుందంటే, తెర మీద సరుకుల వరస ఒకటి ఉంటుంది, ఒకదాని కింద ఒకటి. కావలసిన సరుకు మీద నొక్కి, ఎన్ని కావాలో కొట్టి, కీబోర్డు మీద పంపు అని రాసి అంటించిన మీట నొక్కితే ఆ చిట్టీ కింద గోదాంలో ఉన్న ప్రింటర్‌లోంచి వస్తుంది. అక్కడున్నవాళ్లు దాన్ని చూసి మూట కడతారు. పైన నా ముందు నుంచి అది మాయమైపోతుంది. నేను మా ఆయన వేలిని తీసుకెళ్లి సరుకు పేరు మీద ఆనించేదాన్ని, నొక్కేదాన్ని. ఆ రోజు నస్పూర్ వాళ్లకు లుంగీలు పంపాను. పత్తి సీజన్ మొదలవుతోందని మేం పనిచేసిన మిల్లు నుంచే సేటు ఫోను చేసి హమాలీలకు పెద్ద తువ్వాలలు కావాలంటే అవి పంపాను. ఏటా మిల్లు మొదలయ్యే రోజు హమాలీలకు తలకు చుట్టుకోవడానికి తలా ఒక తువ్వాల ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. సాయంత్రం కూడిక వేశాను. వచ్చిన ఆర్డర్లలో మొత్తం ఎన్నో, గోదాం నుంచి పోయినవి మొత్తం అన్నే. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. కుర్చీ నిలబడ్డట్టే అనుకొని ఇంటికి వెళ్లి, టీవీతో మా ఆయన ఎంత గట్టిగా కొట్లాడినా ఏమీ అనలేదు.

గురువారం ఆదిలాబాద్ నుంచి సేటు ఫోను. ఆయన మాటలో తెలుగు ఎంత ఉంటుందో మరాఠీ అంత ఉంటుంది. మిల్లులో అందరిలాగే నన్ను బాయి అని పిలుస్తాడు.

"బాయీ, కాయ్ ఝాలే, ఏమైంది? తబియత్ మంచిగున్నదా?"

ఒంట్లో మంచిగానే ఉందన్నాను.

"మరి హమాలీలకు బాతు బొమ్మల తువ్వాలలు ఎందుకు పంపినవ్?"

నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. పూజ అయింది. కొబ్బరికాయ కొట్టారు. హమాలీలందరినీ వరసగా నిలబెట్టి, మూట విప్పి, ఒక్కొక్కరి చేతిలో తువ్వాల పెట్టారు. పసిపిల్లలను తుడిచే తువ్వాలలు. మూల మీద పసుపు బాతు. ఒకాయన తలకు చుట్టుకోబోతే చెవుల దాకా కూడా రాలేదట. ఇంకొకాయన గడ్డం కింద ముడి వేసుకొని, పాలు తాగే పిల్లగాడి లాగ చేతులు చాచి నిలబడ్డాడట. అందరూ పొట్టలు పట్టుకొని నవ్వుతుంటే మొదటి పత్తి బండిని దించేవాడే లేకపోయాడట.

"బాయి లెక్క తప్పదు, బాయికే తబియత్ మంచిగ లేనట్టున్నదని మా లెక్కల మునీం అన్నడు. అందుకే అడిగిన," అన్నాడు సేటు.

తిట్టినా బాగుండేది.

నేను వెంటనే నస్పూర్ దుకాణం ఆయనకు ఫోను చేశాను. లుంగీల మూట వచ్చిందా అన్నాను. వచ్చింది, ఇంకా విప్పలేదన్నాడు. విప్పి చూసి చెప్పమన్నాను. ఫోను పక్కన పెట్టి వెళ్లి, వచ్చి, అక్కా ఇవి దుప్పట్లు అన్నాడు.

మా మేనల్లుడు ఇదంతా విన్నాడు. కోప్పడలేదు. చాయ్ తెప్పించాడు.

"పోనియ్ అత్తమ్మా. నువ్వు ఫికర్ చెయ్యకు. సోమవారం ఆ పోరి వస్తది. నేను మాట్లాడిన."

"తప్పు ఏడున్నదో దొరికితే?" అన్నాను.

"దొరికితే నీ కుర్చీ నీదే," అన్నాడు. వాడి ముఖం చూస్తే దొరకదని అప్పటికే నమ్మినట్టుంది. తప్పు కంప్యూటర్‌లో కాదు, నా కళ్లలో ఉందని వాడి లెక్క. కళ్లు బాగు చేసుకొమ్మని ఎవరైనా మేనత్తకు ఎట్లా చెబుతారు?

వాడు కిందికి వెళ్లాక చాయ్ ముట్టకుండా తెర ముందు కూర్చున్నాను. మిల్లులో నేను నేర్చుకున్నది ఒకటుంది. పరధ్యానంగా చేసే తప్పులు ఒకసారి ఇటు పోతాయి, ఒకసారి అటు పోతాయి. ప్రతిసారీ ఒకే వైపు, ఒకే కొలతలో తప్పు వస్తే మనిషిని కాదు, కాంటాను చూడాలి. పెద్ద తువ్వాల అడిగితే పిల్లల తువ్వాల పోయింది. లుంగీ అడిగితే దుప్పటి పోయింది. సరుకుల వరస చూశాను. పెద్ద తువ్వాలకు సరిగ్గా పై వరసలో పిల్లల తువ్వాల ఉంది. లుంగీకి సరిగ్గా పై వరసలో దుప్పటి ఉంది. మొత్తం కూడిక ఎందుకు సరిపోయిందో అప్పుడు తెలిసింది. పేరు మారింది కానీ ఎన్ని అన్నది మారలేదు. జీవితమంతా కూడికను నమ్మినదాన్ని, ఆ కూడికే నన్ను ముంచింది.

ఈసారి పంపు మీట నొక్కకుండా ఒక్కొక్క సరుకు మీద వేలు ఆనించి నొక్కి చూశాను. ఎక్కడ నొక్కినా పై వరసే రంగు మారుతోంది; సోమవారం నా చూపంతా వేలి మీదే ఉండి అది చూడలేదు. సంచిలోంచి స్కేలు తీసి తెర మీద పెట్టాను. వరసకూ వరసకూ మధ్య ఎంత దూరముందో కొలిచాను. తరువాత మా ఆయనను కొలిచాను. చాచిన వేలి నుంచి పైకి కొలుచుకుంటూ పోతే ఆ దూరం సరిగ్గా ఆయన నొసటి దగ్గర ఆగింది. రెండు కనుబొమ్మల మధ్య. నడిమధ్యన.

ఆయన వేలితో చూపిస్తున్నాడు, నొసటితో నొక్కుతున్నాడు.

మనవరాలికి ఫోను చేశాను. క్లాసులో ఉన్నట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడింది. బొట్టు ఎక్కడ పెట్టావని అడిగింది. నొసటి మీద అన్నాను. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"అమ్మమ్మా, అది నొక్కే చోటు. బాణానికి మొన ఉంటది చూడు, అట్ల. చుక్క ఏడ పెడితే ఆడికెల్లి నొక్కుతది. నేను బొట్టు అన్న గని నొసటి మీద అన్ననా?"

"బొట్టు ఇంకేడ పెడతరే?"

తప్పు ఎవరిదంటే సగం సగం అని తరువాత ఇద్దరం ఒప్పుకున్నాం.

ఆ బొమ్మను మళ్లీ తెరిచాను. ఎర్ర చుక్క ఆయన నొసటి మీద అట్లాగే ఉంది. దాన్ని పట్టుకొని మెల్లగా కిందికి దించి, భుజం దాటించి, చేయి పొడవునా నడిపించి, వేలి కొనకు చేర్చాను. సేవ్ కొట్టాను. పెద్ద తువ్వాల మీద వేలు ఆనించి నొక్కాను. పంపు మీట నొక్కి, లేచి మెట్ల దగ్గరికి వెళ్లి, కింద ప్రింటర్ దగ్గరున్న మా మేనల్లుడిని కేకేశాను.

"ఏమొచ్చింది?"

"పెద్ద తువ్వాల."

వెనక్కి వచ్చి ఇంకోటి నొక్కాను. మళ్లీ మెట్ల దగ్గరికి వెళ్లాను.

"ఇప్పుడు?"

"లుంగీ."

వరస చివరిదాకా ఇట్లాగే అడిగాను. మధ్యలో వాడు నమ్మిన అత్తమ్మా, ఇంగ సాలు అన్నాడు. నాకు చాలలేదు. వరసలో చివరిదైన జేబు దస్తీ కూడా దస్తీగానే వచ్చాక వాడు ఆ చిట్టీలన్నీ చేతిలో పట్టుకొని పైకి వచ్చాడు. తెర దగ్గర కొంచెంసేపు నిలబడి మామను చూశాడు. వేలిని చూశాడు. జరిగింది చెప్పాను. వాడు గోడ మీదున్న వాళ్ల నాన్నకు కూడా వినపడేటట్టు నవ్వాడు. తరువాత ఫోను తీసి సోమవారం రావలసిన అమ్మాయికి ఇప్పుడైతే అక్కెర లేదమ్మా అని చెప్పాడు. నా ముందే చెప్పాడు. అది నాకు నచ్చింది.

"కుర్చీ నీదే అత్తమ్మా. మామకు జీతం మాత్రం అడుగొద్దు."

పెద్ద తువ్వాలలు ఆ సాయంత్రమే ఆదిలాబాద్ బస్సులో వేశాం. బాతు తువ్వాలలు వెనక్కి పంపమంటే సేటు పంపలేనన్నాడు. హమాలీలు ఎవరూ ఇవ్వడం లేదట. చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఇంటికి పంపించేశారట. లేనివాళ్లు మొఖం తుడుచుకోవడానికి మెత్తగా ఉన్నాయంటున్నారట. వచ్చే ఏడు కూడా రెండూ పంపమన్నాడు. నేను రాసుకున్నాను.

దసరా వెళ్లిన తరువాత మా ఆయన ఏదో పని మీద దుకాణానికి వచ్చాడు. పని ఏమీ లేదు, నాకు తెలుసు. వచ్చి నా వెనక నిలబడి, తెర మీద తాను తిరుగుతున్నది చూశాడు. తెల్ల అంగీ, సగం మీసం. నస్పూర్ లుంగీల మీద వాలాడు, మంచిర్యాల దుప్పట్ల మీద వాలాడు. మధ్యలో కంప్యూటర్ ఆలోచనలో పడితే ఆయన మాయమై, ఆ చోట చిన్న చక్రం తిరగడం మొదలైంది.

"నేనేడ పోయిన?" అన్నాడు కంగారుగా.

"చాయ్ తాగ పోయిండ్రు. వస్తరు."

వచ్చాడు. ఈయన ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఇన్ని రోజులుగా మా ఇంట్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వినపడుతున్న మాటే దుకాణంలో అందరి ముందూ అన్నాడు.

"వేలికి పెట్టమని నేను ఆనాడే చెప్పిన. ఓటుకు పెట్టినట్టు పెట్టమన్న. చెప్పిన్నా లేదా?"

మా మేనల్లుడు నా ముఖం చూశాడు. కింద గోదాంలో మూటలు కట్టేవాళ్లు కూడా పని ఆపారు.

నేను మౌస్ మీది చేయి తీయలేదు.

"ఓటు చుక్క ఎడమచేతి వేలికి పెడతరు. గిది కుడిచెయ్యి," అన్నాను.

ఆయన తన రెండు చేతులూ ఎత్తి, ఒకదాని తరువాత ఒకటి చూసుకున్నాడు. ఆ సందులో నేను ఆదిలాబాద్ ఆర్డరు మీద వేలు ఆనించి నొక్కేశాను.